కీమోకు తోడు, తల్లిగారింటికి రాక: పాలమూరు వైపు వచ్చేవాళ్లకు సమగ్ర మార్గదర్శి

పోయిన ఏడాది బెంగళూరు నుంచి మహబూబ్‌నగర్‌కు నాలుగుసార్లు వచ్చాను. ఏడో తరగతి నుంచి ఒకే బెంచీ మీద కూర్చున్న స్నేహితురాలికి రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఆమె ఇల్లు మహబూబ్‌నగర్‌లో, కీమో హైదరాబాద్‌లో. మా తల్లిగారిల్లు దేవరకద్ర దగ్గర పల్లె. మేనమామ వనపర్తిలో ఉంటాడు, డయాలసిస్ మీద ఉన్నాడు. మొదటిసారి అయిదు రోజుల సెలవులో అందరినీ చూసి రావాలని బయల్దేరాను. ఆమె దగ్గర ఒక పూట, అమ్మ దగ్గర రెండు రోజులు, మామ దగ్గర ఒక గంట, మిగిలినదంతా బస్సుల్లో గడిచింది. ఎవరికీ అక్కరకు రాలేదు. తర్వాతి మూడుసార్లు పద్ధతి మార్చుకున్నాను.

మొదట అడగాల్సింది తేదీలు

"ఎప్పుడు రమ్మంటవే?" అని జబ్బుతో ఉన్న మనిషిని అడిగితే "నీకు వీలైనప్పుడు రా" అంటుంది. ఇంకో మాట అనదు. అందుకని ఇంట్లో వైద్యం చూసుకుంటున్నవాళ్లకు ఫోన్ చేయండి. నేను ఆమె భర్తకు చేశాను. మూడు సంగతులు అడగండి: కీమో ఎన్ని రోజులకోసారి, ఇప్పటికి ఎన్ని అయ్యాయి, తర్వాతిది ఏ తేదీన.

రొమ్ము క్యాన్సర్‌లో చాలామందికి 21 రోజులకోసారి కీమో ఇస్తారు. ఆ 21 రోజులూ ఒక్క తీరుగా ఉండవు. మందు ఎక్కించిన రోజు మనిషి మామూలుగానే కనిపిస్తుంది. మర్నాటి నుంచి నాలుగైదు రోజులు ఓకరింతలు, నీరసం. 7వ రోజు నుంచి 14వ రోజు మధ్య తెల్ల రక్తకణాలు బాగా పడిపోతాయి. పైకి కాస్త తేరుకున్నట్టే ఉంటుంది గానీ లోపల రోగాన్ని ఆపే శక్తి అప్పుడే అన్నిటికంటే తక్కువ. మూడో వారంలో ముఖం కళ తిరుగుతుంది, అన్నం రుచిస్తుంది. అంతలో మళ్లీ తేదీ వస్తుంది.

పని చేసిపెట్టడానికి వచ్చేవాళ్లు కీమోకు ముందురోజు సాయంత్రానికి చేరి, అయిదో రోజు దాకా ఉండాలి. కూర్చొని ముచ్చట పెట్టడానికైతే మూడో వారం మంచిది. మధ్య వారంలో మాత్రం చూసి పోదామని రావద్దు. ఆ వారం గడప దాటి లోపలికి వచ్చే ప్రతి మనిషీ ఒక ప్రమాదమే.

ఎన్నో కీమోకు పోవాలన్నది కూడా ఆలోచించుకోవాలి. మొదటి కీమోకు అందరూ వస్తారు. మా స్నేహితురాలింట్లో అప్పుడు పడుకోవడానికి చాపలు చాలలేదట. నాలుగోదానికి వచ్చేసరికి ఆమె భర్త ఒక్కడే మిగిలాడు. ఆయనకూ ఆఫీసులో సెలవులు అయిపోయాయి. ఒక్కసారే రాగలిగే వీలుంటే మూడో, నాలుగో కీమోకు రండి.

ఇంకో మెలిక ఉంది. ప్రతి కీమోకు ఒకటి రెండు రోజుల ముందు రక్తపరీక్ష చేస్తారు. రక్తకణాల కౌంట్లు తక్కువగా ఉంటే వారం వాయిదా వేస్తారు. ఇది తరచూ జరిగేదే, భయపడాల్సింది కాదు. కానీ మీ టికెట్లు పోతాయి. రైల్వే రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు కాబట్టి రావడానికి ఒకటి చేసిపెట్టుకోండి. తిరుగు ప్రయాణం మాత్రం రక్తపరీక్ష వచ్చాకే చేయండి. తత్కాల్ ముందురోజు ఉదయం ఏసీకి 10 గంటలకు, స్లీపర్‌కు 11 గంటలకు మొదలవుతుంది. ఆఫీసులో కూడా ఫలానా తేదీ అని కాకుండా "ఆ వారం గానీ, పై వారం గానీ" అని ముందే చెప్పి ఉంచండి. సగం టెన్షన్ అక్కడే తగ్గుతుంది.

ముందు స్నేహితురాలు, తర్వాతే ఇల్లు

ఈ మాట మా అమ్మకు చెప్పడం నాకు అన్నిటికంటే కష్టమైంది. "ఊరి మీదికెళ్లి పోతవు, ఇంటికి రావా?" అంది. బెంగళూరు నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీద వస్తే వనపర్తి మలుపు ముందు, మహబూబ్‌నగర్ తర్వాత. రైలు కూడా దేవరకద్ర దాటాకే మహబూబ్‌నగర్ చేరుతుంది. దారిలోనే కదా, ఒక పూట ఆగి పోదామనిపిస్తుంది.

ఆగకండి. తల్లిగారింట్లో నలుగురు చిన్నపిల్లలుంటారు, ఒకరికైనా ముక్కు కారుతుంటుంది. మీరు వచ్చారని తెలిస్తే పెళ్లికో, పురుడుకో, జాతరకో తీసుకుపోతారు. దీపావళి తర్వాత కురుమూర్తి జాతర, మాఘంలో మన్యంకొండ జాతర. ఆ జనంలో తిరిగి వచ్చి కీమో మీద ఉన్న మనిషి పక్కన పడుకుంటే మీరు చేసిన సాయం కంటే తెచ్చిన జలుబే ఎక్కువ అవుతుంది. మొదట స్నేహితురాలి దగ్గర ఉండి, ఆ తర్వాత తల్లిగారింటికి పోయి, అక్కడి నుంచే తిరిగి వెళ్లిపోవడం మంచిది. అమ్మకు నేను ఇట్లనే చెప్పాను: "ముందు వస్తె రెండు రోజులే ఉంట. వెనుక వస్తె నాలుగు రోజులుంట." ఒప్పుకుంది.

బయల్దేరే రోజు మీకే గొంతు నొప్పిగానీ దగ్గుగానీ ఉంటే ప్రయాణం ఆపేయండి. బాధ అనిపిస్తుంది, అయినా ఆపేయండి. ఫోన్‌లో చేయగలిగే పనులు చాలా ఉన్నాయి.

దారి

బెంగళూరు నుంచి వచ్చేవాళ్లకు 2023 సెప్టెంబరులో మొదలైన యశ్వంతపూర్–కాచిగూడ వందేభారత్ మహబూబ్‌నగర్‌లో ఆగుతుంది. మధ్యాహ్నం ఎక్కితే ఆ రాత్రికే దిగొచ్చు. దిగగానే స్నానం చేసి, బట్టలు మార్చుకున్నాకే ఆమె గదిలోకి పోండి.

మీవాళ్లు నల్లగొండ వైపుంటే చికిత్సకు హైదరాబాద్ పోయే దారి వేరు. నార్కట్‌పల్లి, చిట్యాల, చౌటుప్పల్ మీదుగా 65వ నంబరు రహదారి నేరుగా ఎల్బీనగర్‌లో కలుస్తుంది. అక్కడే మియాపూర్ పోయే మెట్రో మొదలు. ఎంజీబీఎస్ బస్టాండు దాకా పోయి ఊరంతా తిరిగి రావాల్సిన పని లేదు. బీబీనగర్ ఎయిమ్స్‌కు పోయేవాళ్లకైతే నగరంలోకే రానక్కర్లేదు, నల్లగొండ రైలుమార్గం బీబీనగర్‌లోనే కలుస్తుంది. సంక్రాంతికి ముందు రెండు మూడు రోజులు, తర్వాత రెండు మూడు రోజులు చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్ వద్ద బండ్లు గంటలకొద్దీ నిలిచిపోతాయి. చికిత్స తేదీ ఆ రోజుల్లో పడితే ముందురోజే నగరంలో ఉండేలా చూసుకోవాలి.

ఆడవాళ్లకు 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేదు. నాలాగా వేరే రాష్ట్రంలో ఉంటున్నవాళ్లు గుర్తుపెట్టుకోండి, చూపించే కార్డులో తెలంగాణ అడ్రస్ ఉండాలి. చికిత్సకు రైల్లో పోయే క్యాన్సర్ రోగికీ, తోడు ఒకరికీ సెకండ్ క్లాస్‌లో 75 శాతం రాయితీ ఉంది. ఆసుపత్రి నుంచి దానికి సంబంధించిన సర్టిఫికెట్ రాయించుకొని స్టేషన్ కౌంటర్‌లో ఇవ్వాలి. డాక్టర్లు వాళ్లంతట వాళ్లు గుర్తుచేయరు, అడగాలి.

ఫైలు మీ చేతిలోకి తీసుకోండి

తోడు వచ్చిన మనిషి చేయగలిగిన పనుల్లో దీన్ని మించింది లేదు. రెండో రాకలో ఆమె రిపోర్టులన్నీ ఒక బట్టల షాపు సంచిలో ఉన్నాయి. స్కాన్ ఒకచోట, బిల్లు ఒకచోట. ఒక ఆసుపత్రిలో పాత బయాప్సీ (గడ్డలోంచి ముక్క తీసి చేసే పరీక్ష) కాగితం చూపిస్తేనే ముందుకు పోతుందన్నారు. అది ఇంట్లో ఉండిపోయింది. ఆ రోజు కీమో మొదలయ్యేసరికి మధ్యాహ్నం మూడు దాటింది, ఇంటికి చేరేసరికి అర్ధరాత్రి. ఆమె కళ్లు మూతలు పడుతుంటే మాట్లాడకుండా నా భుజం మీద తల పెట్టుకుంది. మర్నాడే స్టేషన్ రోడ్డులో ప్లాస్టిక్ కవర్లున్న ఫైలు కొన్నాను.

అందులో ముందు బయాప్సీ రిపోర్టు, తర్వాత స్కాన్లు, తర్వాత తేదీల వారీగా రక్తపరీక్షలు, ప్రతి కీమో డిశ్చార్జ్ కాగితం, చివర బిల్లులు. మొదటి కవర్లో ఒక తెల్లకాగితం మీద పెద్ద అక్షరాలతో: పేరు, వయసు, బ్లడ్ గ్రూప్, ఏ మందు పడదు, రోజూ వేసుకునే మాత్రలు, ఎన్నో కీమో, డాక్టరు పేరు, డే కేర్ (కీమో ఎక్కించే వార్డు) ఫోన్ నంబరు. అన్నిటినీ ఫొటోలు తీసి ఇంట్లో ముగ్గురి ఫోన్లలో ఉంచాము.

ఆరోగ్యశ్రీలో వైద్యం జరుగుతుంటే రేషన్ కార్డు, ఆధార్ నకళ్లు రెండేసి పెట్టుకోండి. 2007లో మొదలైన ఈ పథకం పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబరులో కుటుంబానికి ఏడాదికి 10 లక్షలు చేశారు. ఆసుపత్రి లోపల ఈ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్ర కౌంటర్ ఉంటుంది. ఈ కీమోకు అప్రూవల్ వచ్చిందా లేదా అన్నది ముందురోజే అక్కడ కనుక్కోండి. జవాబు సరిగా రాకపోతే 104కు ఫోన్ చేయండి. సొంత డబ్బు పెట్టినవాళ్లు ముఖ్యమంత్రి సహాయనిధికి దరఖాస్తు చేయాలంటే అసలు బిల్లులు కావాలి. నకళ్లు ఇంకెవరికైనా ఇవ్వండి, అసలువి చేజారనీయకండి.

డాక్టరు గదిలో మనకు దొరికేది కొద్ది నిమిషాలే. రోగి చెవికి సగం మాటలే ఎక్కుతాయి, భయంతో. ముందురోజు రాత్రి ఆమెనూ, వాళ్ల అత్తమ్మనూ కూర్చోబెట్టి అడగాల్సినవి రాసుకునేదాన్ని. అయిదుకు మించనివ్వలేదు. డాక్టరు చెప్పింది అక్కడే నిలబడి రాసి, బయటికి వచ్చాక ఇద్దరికీ చదివి వినిపించేదాన్ని. "ఇంత చెప్పిండా? నాకు ఏమీ వినపడలే" అనేది ప్రతిసారీ.

హైదరాబాద్‌లో ఆ రోజు

మహబూబ్‌నగర్ నుంచి హైదరాబాద్ వంద కిలోమీటర్లు. పొద్దున ఐదున్నరకు ఇంటి నుంచి కదిలితే నగరంలో రద్దీ ముదరకముందే ఆరాంఘర్ దాటొచ్చు. పోయేటప్పుడు బస్సు చాలు. ఎంజీబీఎస్‌లో దిగి మెట్రో ఎక్కితే ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి లక్డీకాపూల్, నిమ్స్ ఆసుపత్రికి పంజాగుట్ట స్టేషన్. మధ్యలో మారాల్సిన పని లేదు.

వచ్చేటప్పుడు మాత్రం కారు. మీ దగ్గర డబ్బు ఉంటే పండ్ల మీద, స్వీట్ల మీద పెట్టకండి, ఆ కారు కిరాయి ఇవ్వండి. మందు ఎక్కిన ఒంటితో బస్సు కుదుపులు తట్టుకోవడం కష్టం. ముందు సీటు వెనక్కి వాల్చి, కిటికీ కొద్దిగా దింపి, చేతిలో కవరు, పక్కన నీళ్ల సీసా, తుడుచుకోవడానికి తడి తువ్వాల. షాద్‌నగర్ దగ్గర ఒకసారి ఆపి పది నిమిషాలు గాలి పీల్చుకోనివ్వండి.

సంచిలో పెట్టాల్సినవి: దుప్పటి (డే కేర్‌లో ఏసీ చల్లగా ఉంటుంది), ఫ్లాస్కులో వేడినీళ్లు, ముందు గుండీలున్న జాకెట్టు లేదా వదులు చేతుల బట్టలు, ఛార్జర్, ఇంటి నుంచి సద్ది. మెత్తటి పెరుగన్నమో, ఉప్మానో చాలు. సాధారణంగా లోపలికి ఒక్కరినే ఉండనిస్తారు కాబట్టి ఎవరు కూర్చోవాలో ముందే అనుకోండి. మిగిలినవాళ్లు మందుల షాపు, ల్యాబ్, బిల్లు కౌంటర్ చూసుకుంటారు. సర్జరీలో చంకలోని గడ్డలు తీసినవాళ్లకు ఆ వైపు చేతికి బీపీ చూడనివ్వకండి, సూది వేయనివ్వకండి. నర్సు మారినప్పుడల్లా మీరే చెప్పాలి.

కుర్చీలో వాలి, ఎర్రటి మందు గొట్టంలో దిగుతుంటే చూస్తూ ఒకరోజు ఆమె అంది: "మన పిల్లలమర్రికి గూడ సెలైన్ పెట్టిండ్రు గదనే. అది బతికింది." నిజమే. 2018లో ఆ ఏడు వందల ఏళ్ల మర్రికి చెదలు పడితే కొమ్మల నిండా సెలైన్ సీసాలు వేలాడదీసి మందు ఎక్కించారు. ఏడో తరగతిలో పిక్నిక్‌కు పోయి ఆ ఊడల కింద పులిహోర తిన్నాము. తర్వాత గంటసేపు బడి ముచ్చట్లే చెప్పుకున్నాము. జబ్బు మాట ఎత్తలేదు. కుర్చీ పక్కన కూర్చున్నప్పుడు మీరు ధైర్యం చెప్పనక్కర్లేదు. ఆమె ఎటు నడిస్తే అటు నడవండి. "మా ఊర్ల ఒకామెకు ఇట్లనే అయింది..." అని మాత్రం ఎన్నడూ మొదలుపెట్టకండి. పక్కన ఇంకెవరైనా మొదలుపెట్టినా మెల్లగా మాట మార్చండి.

ఆ ఎర్ర మందు ఎక్కాక ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా వస్తుంది. ముందే చెప్పకపోతే రక్తమనుకొని హడలిపోతారు.

ఇంటికి వచ్చాక

ఆ వంటిల్లు వాళ్ల అత్తమ్మది. పోయి పోగానే గరిటె పట్టుకోకండి. "అత్తమ్మా, నేనేం కొయ్యాలె?" అని అడిగి పక్కన కూర్చోండి. రెండు రోజుల్లో ఆమే "ఈ పూట నువ్వు చూడు బిడ్డా, నేను జర నడుము వాలుస్త" అంటుంది. అసలు సాయం అదే. పనిచేసి పనిచేసి అలిసిపోయినవాళ్లకు ఒక రాత్రి నిద్ర దొరకాలి. రాత్రిపూట స్నేహితురాలి గదిలో నేను పడుకొని, ఆమె భర్తను ముందు గదిలో పడుకోమన్నాను. పొద్దున ఎనిమిదైనా లేవలేదు.

పోపు వాసనకే వాంతి వస్తుంది. ఆమె పడుకున్నప్పుడో, తలుపు వేసో తాలింపు పెట్టుకోవాలి. వేడి అన్నం కంటే చల్లారిన అన్నం వాసన తక్కువ. ఒకేసారి కంచం నిండా పెట్టకండి, రెండు గంటలకోసారి నాలుగు ముద్దలు. రాగిజావ, పెసరపప్పు కిచిడీ, ఉడికించిన గుడ్డు, ఇంట్లో తోడువేసిన పెరుగు. నోటిపూత ఉంటే తొక్కులు, పచ్చిపులుసు జోలికి పోవద్దు. గోరువెచ్చని నీళ్లలో ఉప్పు, వంటసోడా చిటికెడు చొప్పున వేసి పుక్కిలిస్తే కాస్త నెమ్మది. జొన్నరొట్టె అడిగిందని చేసిస్తే నమలలేక ఏడ్చింది. పాలలో నానబెట్టి పెడితే తిన్నది. బయట కోసి అమ్మే పండ్లు, బండి మీది చట్నీలు, కాచని నీళ్లు వద్దు.

మొదటి రెండు రోజులు మందు మూత్రంలో, వాంతిలో బయటికి పోతుంటుంది. బాత్రూంలో రెండుసార్లు నీళ్లు కొట్టండి. వాంతి పడిన బట్టలు చేతికి గ్లౌజు వేసుకొని విడిగా ఉతకండి.

ఎవరో ఒకరు నాటు మందు పొట్లం తెస్తారు. మంచి మనసుతోనే తెస్తారు. "డాక్టరును అడిగి వాడుతం" అని తీసుకొని పక్కన పెట్టండి, నిజంగానే డాక్టరుకు చూపించండి. అడగకుండా మాత్రం ఇవ్వొద్దు. కీమో ఇప్పటికే కాలేయం మీద పని పెడుతుంది.

జ్వరం వస్తే

ఇంట్లో డిజిటల్ థర్మామీటర్ ఉందో లేదో వచ్చిన రోజే చూడండి, లేకపోతే కొనండి. 100.4 ఫారన్‌హీట్ వచ్చిందంటే అది మామూలు జ్వరం కాదు. మాత్ర వేసి పొద్దుటిదాకా చూద్దామనుకోకూడదు. రాత్రి రెండైనా డే కేర్ నంబరుకు ఫోన్ చేసి, వాళ్లు చెప్పిన చోటికి వెంటనే కదలాలి. హైదరాబాద్ దాకా ఆగలేమనిపిస్తే 108ని పిలిచి దగ్గరి పెద్దాసుపత్రికి పోవాలి. లోపలికి పోగానే చెప్పాల్సిన మొదటి మాట: "కీమో నడుస్తోంది, ఇది ఇన్నో రోజు." ఫైలు మొదటి కవరు వాళ్ల చేతిలో పెట్టండి.

మామ ఇంటికి

వనపర్తికి మొదటిసారి పోయినప్పుడు కొత్తకోటలో దిగి నాలుగు కొబ్బరిబొండాలు, డజను అరటిపండ్లు కొన్నాను. గడపలోనే అత్త ఆపింది. "వీటిని లోపలికి తేకు బిడ్డా, చూస్తె తాగుతడు" అని బొండాలు పక్కింటివాళ్లకు ఇచ్చేసింది. అప్పుడుగానీ నాకు తెలియలేదు. మూత్రపిండాలు పనిచేయనప్పుడు పొటాషియం ఒంట్లోనే నిలిచిపోతుంది. మరీ పెరిగితే గుండె ఆగిపోవచ్చు. కొబ్బరినీళ్లు, అరటి, బత్తాయి, టమాట అన్నిటిలోనూ అది ఎక్కువే. బీపీకి మంచిదని అమ్మే కొన్ని తక్కువ సోడియం ఉప్పుల్లో కూడా పొటాషియమే ఉంటుంది. కూరగాయలను చిన్నగా కోసి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోసి వండుతుంది అత్త.

సాధారణంగా డయాలసిస్ వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. ఆ రోజు సాయంత్రం మనిషి పిండేసినట్టు ఉంటాడు. మధ్యలో ఖాళీ ఉన్న రోజున పోండి. తాగే నీళ్లకూ లెక్క ఉంటుంది కాబట్టి "చాయ్ తాగు మామా" అని బలవంతం చేయకండి. ఫిస్టులా (డయాలసిస్ సూదుల కోసం ఆపరేషన్‌తో కలిపిన రక్తనాళం) ఉన్న చెయ్యి పట్టుకొని లేపకండి, ఆ చేతికి సంచి ఇవ్వకండి.

తిరిగి పోయేముందు

స్నేహితురాలి బ్లడ్ గ్రూప్ కనుక్కొని, అవసరం పడితే ఇవ్వగల ఇద్దరు ముగ్గురి నంబర్లు ఆ ఫైలులో రాసిపెట్టండి. 18 ఏళ్లు దాటి, 45 కిలోల బరువు, హిమోగ్లోబిన్ 12.5 ఉన్న ఆరోగ్యవంతులు ఇవ్వొచ్చు. రాబోయే రక్తపరీక్ష తేదీ, కీమో తేదీ క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో దిద్దండి. ఈసారి ఎవరు వస్తున్నారో తేల్చండి. మా బడి స్నేహితులం ఆరుగురం వంతులు వేసుకున్నాము, ఒకరు రాలేకపోతే కారు కిరాయి పంపాలి. డబ్బు ఇవ్వదలిస్తే ఆమె చేతిలో కాకుండా భర్త చేతిలో "ఇది కారుకు అన్నా" అని పెట్టండి. పేరు పెట్టి ఇస్తే తీసుకోవడానికి మొహమాటం తగ్గుతుంది.

తల్లిగారింటికి పోయాక కూడా కీమో అయిన ఏడో రోజు నుంచి రోజూ సాయంత్రం ఏడు గంటలకు ఆమెకు ఫోన్ చేసేదాన్ని. ఒక్కటే ప్రశ్న, "ఎంతుందే?" ఆమె థర్మామీటర్ తీసి "తొంభై ఎనిమిది" అనేది. అమ్మ పొయ్యి దగ్గర నుంచే "ఎంతన్నది?" అని అడిగేది.